తీగకు కరెంటు వచ్చే రోజు

మే 4, బుధవారం

రైల్వే ఆఫీసు నుంచి అడోనిస్ సార్ వచ్చారు. బండ్లు ఆగిన ఈ రెండేళ్లలో ఇది మూడోసారి. ప్లాట్‌ఫారం మీద నడిచినంతసేపూ తన బూట్ల కేసే చూసుకున్నారు. తల ఎత్తితే రెండో లైను మీది రేకు ఇళ్లు కనబడతాయి మరి. కొన్నింటి గుమ్మాలు సరిగ్గా పట్టాల మధ్యకే తెరుచుకుంటాయి.

మొదటి లైనుకు పైన కొత్త కరెంటు తీగ లాగుతారట. ఈ చలికాలంలోనే, జూలై దాటకుండా బండి నడుస్తుందట. మసాకే స్టేషన్ మళ్లీ తెరుస్తారట. నాకు రెండు పనులు చెప్పారు. ఒకటి, తెరిచే రోజు పంచడానికి స్టేషన్ చరిత్ర, రెండు పేజీలు. "ఇరవై ఆరేళ్లుగా ఇదే కిటికీలో కూర్చున్నావు బులెల్వా, నీకంటే బాగా ఎవరు రాస్తారు?" రెండోది, రెండో లైను మీద ఉన్నవాళ్ల జాబితా. పేర్లు, పిల్లలు, ఎక్కడి నుంచి వచ్చారు.

"ఎందుకు సార్?" అన్నాను.

"ఊరికే, తెలియడానికి. మావాళ్లు వెళ్తే రాళ్లు పడతాయి. నువ్వు వెళ్తే టీ ఇస్తారు."

అది నిజమే. లాక్‌డౌన్‌లో అద్దెగదుల్లోంచి గెంటేస్తే వాళ్లంతా వచ్చి ఇక్కడ పడ్డారు. స్టేషన్ కుళాయికి తాళం తీసింది నేనే.

ఇంటికి వచ్చి జిమాసాకు బండి సంగతి చెప్పాను. నా కూతురికి ఊరి అవతల ఆసుపత్రి లాండ్రీలో పని. రైలున్నప్పుడు నలభై నిమిషాల దారి. ఇప్పుడు మూడు వ్యాన్లు మారాలి. ఆలస్యానికి రెండు హెచ్చరిక కాగితాలు వచ్చాయి, మూడోది వస్తే ఇంటికే.

"బండి నిజంగా వస్తే ప్లాట్‌ఫారాన్ని ముద్దు పెట్టుకుంటానమ్మా."

"ముందు తుడువు" అన్నాను.

మే 6, శుక్రవారం

మొదలుపెట్టాను. పదహారు ఇళ్లు అయ్యాయి.

బోండాలు వేసే ఫుమ్లాదే మొదటి ఇల్లు అనుకున్నాను. తను తెలిసిన మనిషి, ఒక ఇంటితో మొదలైతే మిగతావాళ్లు జంకరు. నూనెలోంచి తీసిన వేడి బోండా కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. మూడేళ్ల కూతురు నా చొక్కా గుండీలు లెక్కపెడుతోంది.

"పేర్లెందుకక్కా?" అంది ఫుమ్లా.

"నీళ్ల కోసం."

నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఆమె మొహం అంతగా వెలిగింది. పక్కింటి ఆవిడను కేకేసి మరీ చెప్పింది. "మన బులెల్వక్క కుళాయిలు వేయిస్తోందే! ఒక్క పేరు వదలకుండా చెప్పండి."

పాపకు సర్టిఫికెట్టు పేరేదో ఉంది. అందరూ పిలిచేది గుమ్మడి అని. నవ్వుకుని అదే రాసుకున్నాను.

అబద్ధం అని పూర్తిగా అనలేం. ఇంతమంది ఉన్నారని తెలిస్తే నీళ్లు కూడా ఇవ్వవచ్చు.

మే 10, మంగళవారం

ఇవాళ జోలా పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఈ పట్టాలు బిగించినవాడు ఇప్పుడు అవే పట్టాల మీద రేకులు వేసుకుని ఉంటున్నాడు. రెండో లైను వాళ్లకు పెద్ద ఆయనే. నన్ను మా పుట్టింటి గోత్రం పేరు పెట్టి మాడ్లోమో అని పిలుస్తాడు. ఈ స్టేషన్‌లో అలా పిలిచేది ఆయన ఒక్కడే.

"నా పేరు రాసుకో మాడ్లోమో. రైల్వేకి కొత్త పేరేం కాదు."

"ఎక్కడి నుంచి వచ్చారని రాయను?"

"ఇదిగో ఈ జాయింటు నుంచి" అని కాలితో పట్టా మీద తట్టాడు. "తొంభై మూడులో బిగించాను. ఇంకా కదలలేదు, చూడు."

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగా నీళ్లకేనా?"

అవునన్నాను. రెండుసార్లు అన్నాను.

మే 13, శుక్రవారం

నూట ముప్పై ఎనిమిది ఇళ్లు. నాలుగు వందల పన్నెండు మంది. జాబితా పంపేశాను.

ఇక చరిత్ర. ఈ స్టేషన్ పుట్టింది జనం కోసం కాదు, జనాన్ని పొద్దున్నే పనికి లాక్కెళ్లి చీకటి పడకుండా తిరిగి తెచ్చి పడేయడానికి. రెండు గుమ్మాలుండేవి, తెల్లవాళ్లకు ఒకటి, నల్లవాళ్లమైన మనకు ఒకటి. మన గుమ్మం వైపు టికెట్ కిటికీ నడుము ఎత్తులో చిన్న కంత. టికెట్ కావాలంటే ఎంతటివాడైనా వంగాల్సిందే. నేను తొంభై ఆరులో చేరిన వారానికి ఆ కంతను ఇటుకలతో మూసేశారు. మేస్త్రీకి నీళ్లు అందించింది నేనే.

బాగా నడిచిన రోజుల్లో అటు నలభై ఆరు బండ్లు, ఇటు నలభై ఆరు. తొలి బండి నాలుగూ ఇరవైకి. మూడో పెట్టెలో ప్రార్థన. పాస్టర్ ఊగుతూ నిలబడి చెప్పేవాడు, ఆడవాళ్లు పెట్టె గోడలు కొడుతూ పాడేవాళ్లు. నాలుగో పెట్టెలో పేకాట. ప్లాట్‌ఫారం చివర జడలు అల్లే ఇద్దరు, చెప్పులు కుట్టే ఒకాయన. ఏ బండి ఎంత ఆలస్యమో మైకులో చెబుతుంటే జనం నన్నే తిట్టేవాళ్లు, నేనే నడుపుతున్నట్టు.

లాక్‌డౌన్‌లో బండ్లు ఆగాయి, కాపలావాళ్లను తీసేశారు. మూడు నెలల్లో తీగలు పోయాయి, తర్వాత కిటికీ చట్రాలు, తర్వాత నీళ్ల పైపులు. ఒక్క మా కుళాయి మిగిలింది. ఇప్పటికీ రోజూ వచ్చి బోర్డు మీద తేదీ మారుస్తాను.

మే 20, శుక్రవారం

ఫుమ్లా నీళ్ల గురించి అడిగింది. వస్తాయన్నాను.

మే 27, శుక్రవారం

కాపలా పెట్టి మొదటి లైనుకు కొత్త తీగ లాగుతున్నారు. ఎండ పడితే మెరుస్తోంది. కరెంటు లేని తీగ దొంగలకు పండగ అని జోలా అన్నాడు. కరెంటు ఎక్కితే ఇక ఎవరూ ముట్టరట.

నేను రాసిన చరిత్ర ఆఫీసు నుంచి తిరిగి వచ్చింది. రెండు గుమ్మాలు, కంత, కొట్టేశారు. "సంతోషంగా ఉండాలి" అని పక్కన రాశారు.

జూన్ 3, శుక్రవారం

నీళ్లు. ఫుమ్లా మళ్లీ అడిగింది. ఆఫీసు పనులు నెమ్మదిగా సాగుతాయన్నాను.

జూన్ 8, బుధవారం

కోర్టు కాగితాలు అంటించి వెళ్లారు. ఇంటింటికీ ఒకటి. ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి. ఎక్కడికి అన్నది లేదు.

నేను కిటికీలోనే కూర్చున్నాను. ఫుమ్లా వచ్చింది. పాప చంకలో ఉంది. కాగితం అద్దానికి ఆనించి పట్టుకుంది, నేను చదివేలా.

"రెండో ప్రతివాది. చదువక్కా."

చదివాను. గుమ్మడి అని ఉంది.

"నా కూతుర్ని గుమ్మడి అని రాసుకున్న మనిషి ప్రపంచంలో ఒక్కటే. జడ్జి దగ్గర ముద్దుపేర్లు చెప్పుకునే అలవాటు నాకు లేదు."

"ఫుమ్లా, నాకు తెలియదే, వాళ్లు ఇలా..."

"నువ్వు నా బోండా తిన్నావు" అంది. గట్టిగా కూడా అనలేదు.

నాకు నిజంగా తెలియదు. తెలుసుకోవాలని అడిగానా అంటే, మొదటి రోజే అడిగాను. ఊరికే అన్నారు.

జూన్ 10, శుక్రవారం

టికెట్ కిటికీ అద్దం పగిలింది. రాయి చిన్నదే. జోలా వచ్చి గాజుముక్కలు చీపురుతో ఒక పక్కకు ఊడ్చాడు.

"పిల్లలు నడుస్తారు ఇక్కడ" అన్నాడు. "అందుకు ఊడ్చాను ఆఫీసమ్మా, నీ కోసం కాదు."

జూన్ 15, బుధవారం

జిమాసా పదకొండు నిమిషాలు ఆలస్యం. సూపర్‌వైజరు చూడలేదట. ఇంటికొచ్చి చెప్పులతోనే మంచం మీద పడిపోయింది. ఆ ఇళ్లు లేస్తే బండి వస్తుంది. బండి వస్తే నా పిల్ల పని నిలబడుతుంది. నేను చేసిన తప్పేమిటి?

జూన్ 21, మంగళవారం

పది గంటలకు అడోనిస్ సార్ ఫోన్.

"ఎల్లుండి, గురువారం ఉదయం పదికి మొదటి లైను తీగకు కరెంటు ఇస్తాం. పైవైపు సబ్‌స్టేషన్ నుంచి, మీ స్టేషన్ దాటాక మూడో స్తంభం దాకా. నీకూ నాకూ తప్ప బయటికి పొక్కకూడదు. పొక్కితే ముందు రోజే తీగ మాయం. అర్థమైందా?"

"సార్, ఇళ్ల కప్పులు..."

"స్తంభాలకు ప్రమాదం బోర్డులున్నాయి కదా."

ఉన్నాయి. నేను చేరకముందు నుంచీ ఉన్నాయి. ఎర్ర పుర్రె బొమ్మ పిచికగూళ్ల వెనక ఎక్కడో ఉంది. రెండేళ్లుగా వాటి పక్కనే బట్టలు ఆరేస్తున్నారు.

అదే రోజు, మధ్యాహ్నం

పాదచారుల వంతెన ఎక్కి లెక్కపెట్టాను. రెండు లైన్ల మధ్య ఉన్న స్తంభాలకు, తీగను మోసే వాటి ఇనుప చేతులకు ఇళ్ల నుంచి లాగి కట్టినవి నలభై మూడు. గాలికి కప్పు లేవకుండా కట్టిన ఇనుప తీగలు. బట్టల తాళ్లనుకున్నవి కూడా ఇనుపవే. వీధి దీపం నుంచి దొంగతనంగా తెచ్చుకున్న కరెంటు వైర్లు. కప్పులన్నీ రేకులు. ఆ తీగలో వచ్చేది మూడు వేల వోల్టులు.

బోర్డులున్నాయి.

బోర్డులున్నాయి అని రాసి ఎంతసేపటి నుంచో కూర్చున్నాను.

జూన్ 22, బుధవారం

ఉదయం ఎనిమిదికి ఫుమ్లా గుమ్మంలో నిలబడ్డాను. చెప్పాను. రేపు పదికి కరెంటు, నీ కప్పు మీది తీగ విప్పేయి, పాపను బయట ఉంచు.

నూనె మూకుడులోంచి తల ఎత్తలేదు.

"ఈసారి ఏం రాసుకుంటావక్కా? ఎవరెవరు భయపడి పారిపోయారో ఆ జాబితానా?"

పక్కింటికి వెళ్లాను. తర్వాత ఆ పక్కింటికి. ఒకామె తలుపు మూసింది. ఒకాయన, "నీళ్లొచ్చాయా?" అని అడిగి నవ్వాడు. వెనక ఎవరో అందుకున్నారు. "ఖాళీ చేయించడానికి కొత్త ఎత్తు. కరెంటు అంటే ఎలకల్లా పరిగెత్తుతాం అనుకుంది." ఇరవై ఇళ్లు తిరిగాను. ఒక్క తీగ విప్పలేదు.

మధ్యాహ్నం ఏం తిన్నానో గుర్తు లేదు.

సాయంత్రం నాలుగున్నరకు వంతెన కింద వాళ్ల మీటింగ్ ఉంది, కోర్టు విషయం మీద. పిలవకుండానే వెళ్లాను. రైల్వే చొక్కాతోనే వెళ్లాను. మార్చుకుంటే అదీ ఇంకో మోసంలా ఉంటుందనిపించింది.

"మాట్లాడాలి" అన్నాను.

"మాట్లాడావుగా మే నెలలో" అని ఒక గొంతు.

చెప్పేశాను. "ఆ జాబితా రాసింది నేనే. నీళ్ల కోసం అన్నది అబద్ధం. ఎవరూ నన్ను అలా చెప్పమనలేదు, నేనే చెప్పాను, మీరు పేర్లు ఇవ్వరేమోనని. రేపటి కరెంటు సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నారు. చెబుతున్నాను."

ఏదో తడి మట్టి వచ్చి నా భుజానికి తగిలింది. ఇంకొకటి. ఎవరూ ఆపలేదు. నేనూ కదలలేదు.

జోలా పెద్దాయన లేచాడు. నా దగ్గరికి రాకుండా ఉన్నచోటి నుంచే అడిగాడు.

"ఏ వైపు నుంచి ఇస్తున్నారు? పైవైపు సబ్‌స్టేషన్ నుంచా, మైదానం వైపు నుంచా?"

"పైవైపు నుంచి. మైదానం వైపు స్విచ్ తీసే ఉంటుంది. ఎల్లుండి వరకు మన స్టేషన్ దాటాక మూడో స్తంభం దాకానే కరెంటు."

జోలా అందరి వైపూ తిరిగాడు. "ఇది కల్పించి చెప్పగలిగే ముక్క కాదు. తీగ పని తెలిసినవాడే ఆమెకు చెప్పి ఉండాలి. మే నెలలో అబద్ధమాడింది. ఇవాళ కాదు. కటింగ్ ప్లయర్లు ఎవరి దగ్గరున్నాయి?"

"మరి ఈవిడను ఊరికే వదిలేద్దామా?" అని ఫుమ్లా.

"వదలొద్దు. కానీ ముందు నీ కప్పు చూసుకో."

తీగకు నలుగుర్ని కాపలా పెట్టాడు, దొంగలు రాకుండా. తమను లేపేయడానికి వచ్చే బండి తీగకు వాళ్లే కాపలా.

నాకు కృతజ్ఞతలు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే భరించలేకపోయేదాన్ని.

జూన్ 23, గురువారం

ఇది రాయాలి.

ఎనిమిదికల్లా నలభై ఒకటి తీసేశారు. తొమ్మిదింటికి నలభై రెండు. మిగిలింది ఒకటే. తొంభై రెండో ఇల్లు. దాని మనిషి సెక్యూరిటీ డ్యూటీ మీద రెండు రోజులకు వెళ్లాడు, తలుపుకు తాళం. కప్పు నుంచి ఇనుప తీగ స్తంభం చేతికి రెండు చుట్లు తిప్పి కట్టేశాడు. రెండు పక్కల ఇళ్ల రేకులూ ఆ కప్పుకు ఆనుకునే ఉన్నాయి. ఆ రెండిళ్లలో మనుషుల్ని బయటికి పంపిస్తున్నాం. ఒక ఇంట్లో నడవలేని ముసలామె ఉంది, ఆమెను దుప్పటిలో ఎత్తాలి.

"పదికి కదా? టైముంది" అన్నాడు జోలా. ఎండు కర్రకు కొడవలి కట్టి తెచ్చాడు. నిచ్చెన వేసుకున్నాడు.

నేను కింద నిలబడి గడియారం చూస్తున్నాను. తొమ్మిదీ ముప్పై ఐదు. తొమ్మిదీ ముప్పై ఎనిమిది. ఒక చుట్టు తెగింది.

తొమ్మిదీ నలభైకి కరెంటు వచ్చింది.

మోత వినబడింది. తెల్లటి వెలుగు. ఆయన నిచ్చెనతో సహా రాళ్ల మీద పడ్డాడు. రెండో చుట్టు కూడా తెగిపోయి తీగ దూరంగా పడింది. ఇల్లు అంటుకోలేదు. ముసలామె దుప్పటిలో సగం దూరంలో ఉంది.

కుడి చెయ్యి నల్లగా. బతికి ఉన్నాడు. అంబులెన్సు నలభై నిమిషాలకు వచ్చింది. అందాకా ఫుమ్లా ఆయన తలను ఒళ్లో పెట్టుకుని, "తాతా, నిద్రపోకు, నిద్రపోతే నీ బోండాలు వేరేవాళ్లకు పెట్టేస్తా" అని తిడుతూనే ఉంది.

నేను చెప్పకపోతే ఆయన ఆ స్తంభం దగ్గరికి వెళ్లేవాడు కాదు.

నేను చెప్పకపోతే

జూన్ 24, శుక్రవారం

చెయ్యి మోచేతి దాకా తీసేశారు.

జూన్ 29, బుధవారం

అడోనిస్ వచ్చాడు. టైపు చేసిన కాగితం తెచ్చాడు. నా వాంగ్మూలమట, నేను చెప్పకముందే తయారు. ప్రమాదం బోర్డులు ఉన్నాయి. కరెంటు సమయం బయటివారికి తెలియదు. గాయపడిన వ్యక్తి రాగి తీగ దొంగిలించే ప్రయత్నంలో ఉన్నాడు. స్టేషన్ ఉద్యోగి బులెల్వా స్వయంగా చూసింది.

"దొంగా?" అన్నాను.

"కొడవలి, నిచ్చెన. ఇంకేమంటారు?"

"పదికి అన్నారు మీరు. తొమ్మిదీ నలభైకి ఇచ్చారు."

"పదికి అని వాళ్లకెలా తెలిసింది బులెల్వా?" నెమ్మదిగా అడిగాడు. "ఆ ప్రశ్న నేను అడగట్లేదు. ఈ సంతకం ఉంటే ఎవరూ అడగరు. స్టేషన్ తెరిచాక ఇన్‌ఛార్జివి నువ్వే. నీ పిల్ల పొద్దున్నే బండెక్కి హాయిగా పనికి వెళ్తుంది. ఆ ముసలాయనకు చెయ్యి తిరిగొస్తుందా, నువ్వు ఏం రాసినా?"

సోమవారం దాకా గడువు ఇచ్చాడు.

జూన్ 30, గురువారం

సంతకం పెట్టలేదు. చింపనూ లేదు. డ్రాయరులో ఉంది.

జూలై 1, శుక్రవారం

జిమాసాకు చూపించాను. రెండుసార్లు చదివింది.

"నా పేరు లేదిందులో" అంది. "కానీ నా కోసం పెడతావు సంతకం. కదా?"

కాగితం వెనక్కి తీసుకోబోయాను.

"నా మీద వేయకమ్మా. నేను వ్యాన్లలో తిరగడం నేర్చుకున్నాను. రోజూ బండెక్కి, ఆయన్ని దొంగను చేశాకే ఈ బండి నడుస్తోందని తలుచుకుంటూ కూర్చోవడం నేర్చుకోలేను."

జూలై 2, శనివారం

ఆసుపత్రికి వెళ్లాను. జోలా కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. పోలీసు ఒకడు వచ్చి వెళ్లాడట, లేచాక కేసు ఉంటుందని చెప్పి. ఆ మాట చెప్పి కిటికీ వైపు తిరిగాడు. "ముప్పై ఏళ్లలో ఒక బోల్టు ఇంటికి తీసుకెళ్లలేదు."

నేను రాసుకెళ్లిన కాగితం చదివాను, నా సొంత చేతిరాత. జాబితా దగ్గర మొదలుపెట్టి అంతా రాశాను. నీళ్ల అబద్ధం. ఫోన్ కాల్, తేదీ, గంట. వంతెన కింద చెప్పినది. తొంభై రెండో ఇల్లు. పది అన్నవాళ్లు తొమ్మిదీ నలభైకి ఇవ్వడం.

కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"పధ్నాలుగో స్తంభం అని రాశావు" అన్నాడు.

"అవును."

"పదహారు. పధ్నాలుగు ఫుమ్లా ఇంటి దగ్గరిది. నంబరు తప్పు రాస్తే మొత్తం తప్పంటారు. కొట్టేసి సరిగ్గా రాయి."

కొట్టేసి రాశాను.

"కింద ఇంకో మాట రాయి. నిచ్చెన నేనే అడిగానని. నువ్వు ఎక్కమనలేదని."

"అది నాకు మేలు చేసే మాట. వద్దు."

"నీ మేలు కోసం కాదు. జరిగింది కాబట్టి రాయి."

రాశాను. ఆయన ముందే సంతకం పెట్టాను. నన్ను క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. మంచినీళ్లు కావాలన్నాడు. గ్లాసు పట్టుకుంటే ఎడమ చేత్తో తీసుకుని తాగాడు, సగం ఒలికింది.

జూలై 4, సోమవారం

ఆ కాగితం నకలు ఒకటి ఆఫీసులో ఇచ్చాను. ఒకటి కోర్టులో రెండో లైను వాళ్ల వకీలుకు. అడోనిస్ నా కాగితం చివరిదాకా చదవలేదు. "ఇంటికెళ్లు" అన్నాడు, అంతే. తాళాలు బల్ల మీద పెట్టాను. కుళాయి తాళం విడిగా తీసి, "ఇది మూయకండి" అన్నాను. తల ఊపాడు. అది అవునో కాదో.

జూలై 19, మంగళవారం

రహస్యం బయటపెట్టినందుకు ఉద్యోగం నుంచి తొలగించినట్టు ఉత్తరం వచ్చింది. మూడు వాక్యాలు. ఇరవై ఆరేళ్లకు మూడు.

అదే రోజు కోర్టు. వేరే స్థలం, నీళ్లు చూపించనిదే ఎవర్నీ లేపకూడదని జడ్జి అన్నాడట. మొదటి లైనుకు మరీ దగ్గరగా ఉన్న ఇళ్లను మాత్రం వెనక్కి జరిపి మధ్యలో కంచె వేయాలి. జోలా మీద కేసు లేదు. వకీలు ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టాక వంటింట్లో నిలబడి ఏడ్చాను, ఏది తలుచుకుని అన్నది తెలియలేదు.

జూలై 25, సోమవారం

మొదటి బండి ఉదయం ఎనిమిదింటికి. నన్ను ప్లాట్‌ఫారం మీదికి రానివ్వరు, టికెట్ కొన్నా రానిస్తారో లేదో, అడగదలుచుకోలేదు. వంతెన ఎక్కి నిలబడ్డాను. కింద బ్యాండు, రంగు కాగితాలు, నా రెండు పేజీలు పంచుతున్నారు, సంతోషంగా.

జిమాసా ప్లాట్‌ఫారం మీద ఉంది. పైకి చూసి చెయ్యి ఊపింది. ఎక్కింది.

బండి కదిలాక ఎవరో పక్కకు వచ్చి నిలబడ్డారు. ఫుమ్లా. పాప చంకలో ఉంది. నెల దాటింది మేము మాట్లాడుకుని. ఇద్దరమూ బండినే చూశాం. కొత్త కంచె పక్క నుంచి, వెనక్కి జరిపిన ఇళ్ల ముందు నుంచి, నెమ్మదిగా మొదలై వేగం అందుకుని వెళ్లింది. ఆ ఊపుకు రేకులన్నీ గడగడలాడాయి.

"మూడు పెట్టెలే" అంది ఫుమ్లా.

"మొదట్లో అంతే. తర్వాత పెంచుతారు."

"ఈ మాట నీకు తెలిసే అంటున్నావా?"

ఆలోచించాను.

"తెలియదు" అన్నాను.

తల ఊపింది. చెయ్యి నొప్పి పుట్టిందో ఏమో, పాపను అటు చంకలోంచి ఇటు మార్చుకోబోయి, మధ్యలో ఆగి, నా చేతుల్లో పెట్టింది. బరువైంది పిల్ల. ఫుమ్లా చేతులు విదిలించుకుని తలగుడ్డ సర్దుకునేదాకా ఎత్తుకునే ఉన్నాను.